ఏ గైడ్ దగ్గర చేరాలి? మేనకోడలికి ఒక ఉత్తరం

మల్లేశ్వరం, బెంగళూరు

చిన్నీ,

నిన్న ఫోన్లో మీ నాన్న పక్కనే ఉన్నాడని ముక్తసరిగా మాట్లాడి పెట్టేశాను. వాడి గోల వాడిది. కూతురు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ (ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి) చేస్తోందంటే నరసరావుపేటలో సగం మందికి అర్థం కాదు. అదే ఫలానా అవార్డు వచ్చిన సారు దగ్గర చేస్తోందంటే, పేపర్లో ఫొటో చూసినవాళ్లైనా తలూపుతారు. కానీ పొద్దున్నించి రాత్రిదాకా ఆ ల్యాబ్‌లో నిలబడాల్సింది నువ్వు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

గైడ్‌ని తేల్చుకునే ముందు ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూసే రొటేషన్లు మూడూ అయిపోయాయన్నావు. పెద్ద సారు ల్యాబ్ గురించి ఊపిరాడకుండా చెప్పావు. కొత్తగా చేరిన మేడమ్ గురించీ బాగానే చెప్పావు. మూడో ల్యాబ్ ఊసే ఎత్తలేదు. ఎందుకని? అక్కడ నేర్చుకున్నదేమీ లేదా, లేక ఏ గొడవా లేకుండా పని సాగిపోయింది కాబట్టి చెప్పడానికేమీ లేదా? రెండోదే అయితే ఆ ల్యాబ్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకు.

నేను చెప్పేది ఒక్కటే. గైడ్ పేరు చూడకు, ఆయన దగ్గర చదివినవాళ్లని చూడు.

గైడ్‌ని ఎంచుకోవడాన్ని అందరూ పెళ్లి సంబంధంతో పోలుస్తారు. నాకు నచ్చదు. పెళ్లిలో ఇద్దరూ సమానమని కనీసం పైకైనా అంటాం, ఇక్కడ అదీ లేదు. ఆయన సంతకం లేకుండా నీ కాగితం ఒక్కటీ కదలదు, నీ సంతకంతో ఆయనకి పని పడదు. వాకబు మాత్రం సంబంధాలకి చేసినట్టే చెయ్యాలి.

ముందు థీసిస్‌లు తియ్యి. ఇన్‌స్టిట్యూట్ థీసిస్‌లు చాలావరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆ ల్యాబ్ నుంచి వచ్చినవి నాలుగైదు తెరువు. సైన్స్ తర్వాత చదువుకోవచ్చు, ముందు అక్నాలెడ్జ్‌మెంట్స్ చదువు. గైడ్‌కి రెండు వాక్యాలు మర్యాదకి రాసి, రాత్రి రెండింటిదాకా పక్కన కూర్చుని బ్లాట్ ప్రయోగం చేయించిన సీనియర్‌కి ఒక పేరా మొత్తం రాశారంటే, ఆ ల్యాబ్‌లో పని నేర్పేది ఎవరో తెలిసిపోతుంది. అలా కాకుండా గైడ్ గురించి ఏదైనా చిన్న సంఘటన రాశారనుకో, మాన్యుస్క్రిప్ట్ ఎన్నిసార్లు పట్టుకెళ్లినా మళ్లీ మొదటినుంచి దిద్ది ఇచ్చారనో, నాన్న ఆస్పత్రిలో ఉంటే పని సంగతి ఎత్తకుండా ఊరికి పంపారనో, అది నమ్ము. పొగడ్తలు ఎవరైనా రాస్తారు. థీసిస్ సబ్మిట్ చేసే వారంలో సంఘటనలు కల్పించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ తర్వాత వాళ్లిప్పుడు ఎక్కడున్నారో చూడు. ల్యాబ్ వెబ్‌సైటులో పాత విద్యార్థుల పట్టీ ఉంటుంది గానీ, మధ్యలో మానేసి వెళ్లిపోయినవాళ్లు అందులో కనిపించరు. అది సీనియర్‌నే అడగాలి, అదీ ల్యాబ్‌లో కాదు, టీ తాగేచోట. ‘ఈమధ్య ఎవరైనా వదిలేసి వెళ్లారా అక్కా?’ అని అడిగి ఊరుకో. నువ్వు మాట్లాడకుండా ఉంటే వాళ్లే చెబుతారు. ఒకళ్లు వెళ్లిపోతే ఏవో ఇంటి సమస్యలై ఉండొచ్చు. వరసగా వెళుతున్నారంటే మాత్రం ఆగి ఆలోచించు.

పేపర్ల సంగతి. మొదటి పేరు ఎవరిదో చూడు. థీసిస్‌లోని పనే పేపర్‌గా వచ్చినప్పుడు ఆ పిల్ల పేరు మొదట ఉండాలి. ఇద్దరి పేర్ల మీద నక్షత్రం గుర్తు పెట్టి ‘సమాన భాగస్వామ్యం’ అని వేస్తారు చూడు, ఆ ల్యాబ్‌లో దాన్ని ఎలా తేలుస్తారో కనుక్కో. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒకమ్మాయి ఏళ్ల తరబడి నిలబెట్టిన పని మీద, చివర్లో వచ్చి రెండు బొమ్మలు చేర్చిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ ముగించి తాత్కాలికంగా పరిశోధన చేసేవాళ్లు) పేరు మొదటికెక్కింది. నోట్‌బుక్‌లో తారీఖులతో సహా అంతా రాసి ఉన్నా అడిగే ధైర్యం ఆ పిల్లకి లేకపోయింది. పక్కనున్న మాకూ లేకపోయిందనుకో. అందుకే ఇలాంటివి చేరకముందే అడగాలి. అప్పుడు అడిగితే ప్రశ్న, తర్వాత అడిగితే ఫిర్యాదు.

మన ఇన్‌స్టిట్యూట్‌లో ఆడపిల్లల ప్రస్తావన వస్తే అందరూ బయోకెమిస్ట్ కమలా సోహోనీ కథ చెబుతారు. 1933లో ఆమె దరఖాస్తుని అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ తోసిపుచ్చడం, ఆమె పట్టుబట్టడం, ఆయన ఏడాదిపాటు షరతుల మీద చేర్చుకోవడం. నిజమే. కానీ ఆ కథలో నాకు ఎక్కువ నచ్చే మనిషి ఎం. శ్రీనివాసయ్య, ఆమె గైడ్. చాలా కఠినంగా ఉండేవారట, కానీ విద్య దాచుకునే రకం కాదట. ఆయన దగ్గర పాల మీద, పప్పుల మీద, వాటి ప్రొటీన్ల మీద పనిచేసి ఆమె ఎమ్మెస్సీ పట్టా తెచ్చుకుంది. 1939లో కేంబ్రిడ్జ్ డాక్టరేట్ కూడా వచ్చింది. రామన్ పేరు తెలియనివాళ్లు లేరు, శ్రీనివాసయ్య పేరు ఎంతమందికి తెలుసు? మీ నాన్నకి ఇది చెప్పు.

పెద్ద సారు ల్యాబ్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. పరికరాలు, డబ్బు, బయటి దేశాల్లో పరిచయాలు, అన్నీ ఉంటాయి. అయితే ఆయన నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు, నీకు నిజమైన గైడ్ ఆ ల్యాబ్‌లో ఉన్న పోస్ట్‌డాకే. అతను రెండేళ్లలో వెళ్లిపోతే? కొత్త మేడమ్ అయితే నీ పక్కనే నిలబడి పిపెట్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పుతుంది, ఎందుకంటే ఆమెకీ పేపర్లు కావాలి, అదీ త్వరగా. కానీ ఫ్రీజర్ కొనమని ఇండెంట్ పెట్టడం, అది వచ్చేదాకా పక్క ల్యాబ్ ఫ్రీజర్‌లో ఒక అర ఇమ్మని అడగడం, ఇవన్నీ మొదటి విద్యార్థి నెత్తిన పడతాయి. కొందరు అందులోనే రాటుదేలతారు, కొందరు నీరసపడిపోతారు. నువ్వు ఏ రకమో నాకంటే మీ అమ్మకి బాగా తెలుసు, ఆవిణ్ని అడుగు.

సారు ఊళ్లో లేనప్పుడు ల్యాబ్ ఎలా ఉంటుందో గమనించావా? మామూలుగానే పని జరుగుతుంటే మంచిది. అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని నవ్వుకుంటున్నారంటే అనుమానించు. ఇంకోటి. రొటేషన్లో నీ జెల్ పాడై, రావాల్సిన గీత, అదే బ్యాండ్, రాని రోజు ఒకటి ఉండే ఉంటుంది. అది చూపించినప్పుడు ముగ్గుర్లో ఎవరు ‘బ్యాండ్ ఎందుకు రాలేదంటావు?’ అన్నారు, ఎవరు ‘నీకెందుకు రాలేదు?’ అన్నారు? గుర్తు తెచ్చుకో. పీహెచ్‌డీలో ఎక్కువ రోజులు బ్యాండ్ రాని రోజులే.

మనవాళ్లు క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు. ‘ఆ సారు మనవాడే, గుంటూరాయన, చేరిపో, చూసుకుంటాడు’ అని ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు. ఉగాదికి పచ్చడి పంచుకోవడానికి ఆ లెక్క సరిపోతుంది, గైడ్‌కి సరిపోదు. తెలుగులో తిడితే ఇంకా గట్టిగా తగులుతుంది కూడా.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతా. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకో. 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000 రూపాయలు. గైడ్ ప్రాజెక్టులో డబ్బున్నా లేకపోయినా అది నీ పేరు మీద వస్తుంది, ఆ ధీమా వేరు. ఫెలోషిప్‌లు ఆలస్యం కావడం మామూలే, రెండు మూడు నెలల ఖర్చు విడిగా ఉంచుకో.

నీ గైడ్ నిన్ను బయటికి పోనిస్తారా అన్నదీ అడుగు. వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, సదాశివనగర్లో రామన్ ఇన్‌స్టిట్యూట్, అన్నీ ఈ చివరే ఉన్నాయి. ఇన్ని ఉన్న ఊళ్లో ఉండి, సెమినార్‌కి వెళ్లడానికి కూడా సెలవు అడగాల్సిన ల్యాబ్ ఎందుకు? ఐసీటీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల ‘కాపీ విత్ క్యూరియాసిటీ’ ఉపన్యాసాలకి మనిద్దరం వెళదాం, టికెట్ కూడా ఉండదు.

ఎవరి దగ్గర చేరాలో తేల్చుకున్నాక, మిగతా ఇద్దరికీ మెయిల్ పెట్టి ఊరుకోకు. గదికి వెళ్లి చెప్పు. సాకులు వద్దు, ‘మీ దగ్గర ఫలానాది నేర్చుకున్నాను సార్, కానీ వేరే ల్యాబ్‌లో చేరుతున్నాను’ అంటే చాలు. రేపు నీ కాంప్రహెన్సివ్ పరీక్షలో ప్రశ్నలడగడానికి కూర్చునేది వాళ్లే కావచ్చు, వాళ్ల కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ నీకు అవసరం పడనూ వచ్చు.

కొండవీడు ఎక్స్‌ప్రెస్‌కి వస్తే చెప్పు, యశ్వంతపూర్ స్టేషన్‌కి మీ మామయ్య వస్తారు. మూడు రొటేషన్ రిపోర్టులూ, వాటి మీద వాళ్లు రాసిన కామెంట్లూ తెచ్చుకో. ముఖ్యంగా ఆ మూడో ల్యాబ్‌ది.

మీ అత్త