చుక్క రాలిన చోటికి బయల్దేరే ముందు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. ఈసారి టెక్సాస్‌లో ఎక్కడ ఉల్క పడినా రాళ్లు ఏరడానికి వెళ్తానని, ఏమేం కొనుక్కోవాలో లిస్టు పంపమని అడిగావు. కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. తెలుసుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

మొదట, అసలు రాళ్లు కిందికి వచ్చాయా అన్నది తేల్చుకోవాలి. ఆకాశంలో పెద్ద వెలుగు కనిపించిందనగానే కారు తీసే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువ ఉల్కలు పైనే కాలిపోతాయి, ఏమీ మిగలదు. అమెరికన్ మీటియర్ సొసైటీ సైట్లో చూసినవాళ్లు రాసిన రిపోర్టులు ఉంటాయి, అవి చదువు. ఎంత వెలుగొచ్చిందన్నది అంత ముఖ్యం కాదు, మోత వినబడిందా అన్నది చూడు. వెలుగు పోయిన ఒకటి రెండు నిమిషాలకు ఉరిమినట్టు చప్పుడైందని, కిటికీలు అదిరాయని ఒకే ప్రాంతం నుంచి పదిమంది రాస్తే, అది బాగా కిందిదాకా దిగిందని లెక్క. "మా వెనక పొలంలోనే పడింది" అనేవాళ్లను మాత్రం నమ్మకు. వెలుగు ఆరిపోయేది సాధారణంగా 20 కిలోమీటర్ల ఎత్తున, అటూ ఇటూగా. చెట్ల వెనకే పడిందని ఒట్టేసి చెప్పినవాడికి అది నిజానికి రెండు కౌంటీల అవతల ఉండొచ్చు.

తర్వాత రాడార్ చూడాలి. వానలు, తుఫానుల కోసం పెట్టిన డాప్లర్ రాడార్లే మనకు పనికొస్తాయి. వెలుగు ఆరిపోయాక రాళ్లు కొన్ని నిమిషాల పాటు చీకట్లో జారుతూ వస్తాయి. మబ్బు లేని ఆకాశంలో ఆ టైంలో రాడార్ మీద చిన్న చిన్న మచ్చలు కనబడితే ఆశ పెట్టుకోవచ్చు. హ్యూస్టన్లో నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ శాస్త్రవేత్తలు ఆ డేటా తీసి, ఎక్కడ పడి ఉండొచ్చో మ్యాప్ వేసి అందరికీ కనబడేలా పెడతారు. ఆ మ్యాప్ వచ్చేదాకా ఇంట్లోనే ఉండు. పెట్రోలు మిగులుతుంది.

ఆ మ్యాప్ మీద కోలగా ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని చదవడం నేర్చుకో. పెద్ద రాళ్లు వచ్చిన ఊపులో ముందుకు పోయి పట్టీ చివర పడతాయి, చిన్నవి ముందే ఊపు చచ్చి వెనక రాలతాయి. ఇక మధ్యలో గాలి ఉంది. మీ నాన్న చిన్నప్పుడు కల్లంలో తూర్పారబట్టడం చూశాడు, అడుగు చెబుతాడు: గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టు గాలివాటున పోతుంది. ఇదీ అంతే. పైగాలి పడమటి నుంచి గట్టిగా వీస్తుంటే గోళీకాయంత రాళ్లు కిలోమీటర్ల కొద్దీ తూర్పుకు జరిగిపోతాయి. అందుకే ఆ రోజు ఏ ఎత్తులో ఏ గాలి వీచిందో చూడకుండా బయల్దేరకు.

టెక్సాస్ సంగతే చెప్తాను, నీకు దగ్గర కాబట్టి. 2009 ఫిబ్రవరి 15, ఆదివారం పొద్దున. మన డాలస్ నుంచి వేకో వెళ్లే దారిలో వెస్ట్ అనే ఊరుంది కదా, కొలాచీలు (అక్కడి తీపి బన్నులు) కొనుక్కోడానికి ఆగుతాం, ఆ పక్కన పడింది. ఆస్టిన్‌లో మారథాన్ తీస్తున్న టీవీ కెమెరాకు వెలుగు చిక్కింది. అంతకు ఐదు రోజుల ముందే రెండు ఉపగ్రహాలు అంతరిక్షంలో గుద్దుకున్నాయి, అందుకని మొదట అందరూ ఆ ముక్కలే పడుతున్నాయనుకున్నారు. కొద్ది రోజుల్లోనే రాళ్లు దొరికాయి. ఆష్ క్రీక్ అని పేరు పెట్టారు. (ఫిబ్రవరి 15 అంటే నాకు నవ్వొస్తుంది. 2013లో రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద పేలిందీ ఆ తేదీనే, 2023లో ఇక్కడ దక్షిణ టెక్సాస్‌లో ఎల్ సౌజ్ రాళ్లు పడిందీ ఆ తేదీనే. ఏమీ లేదు, కాకతాళీయం. మీ పిన్ని మాత్రం పంచాంగం తీసింది.)

ఆ వెస్ట్ పొలాల్లో నేనూ తిరిగాను. అక్కడే నాకు బాగా తెలిసొచ్చింది, ఈ పనిలో సగం కష్టం రాయిని వెతకడంలో లేదు, గేటు దాటడంలో ఉంది. టెక్సాస్‌లో భూమి దాదాపు మొత్తం ప్రైవేటుదే. కంచె స్తంభం మీదో చెట్టు మీదో నిలువుగా ఊదారంగు గీత కనబడితే, అది అలంకారం కాదు. లోపలికి రావొద్దని బోర్డు పెట్టినట్టే, చట్టం కూడా అలాగే చూస్తుంది. ముందు ఆ ఇంటికి వెళ్లి అడగాలి. పగటిపూట వెళ్లు. తలుపు కొట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి, చేతులు కనబడేలా నిలబడు. టోపీ, నల్లకళ్లజోడు తీసెయ్. మన రంగు, మన యాస చూసి ఒక్క క్షణం తటపటాయించేవాళ్లు ఉంటారు. దానికి నొచ్చుకోకు. ఫోన్లో ఉల్కరాయి ఫోటో చూపించి, నేనెవరు, ఎక్కడుంటాను, ఏం వెతుకుతున్నాను అని మూడు ముక్కల్లో చెప్పెయ్. చాలామంది రైతులకు ఇదంతా సరదాగానే ఉంటుంది. నాకు ఒక పెద్దావిడ పెట్టిన షరతు ఒక్కటే: గేటు ఎలా ఉంటే అలా వదలాలి. తెరిచి ఉన్నది తెరిచే, మూసి ఉన్నది మూసే. ఆవులున్న చోట అదే పెద్ద మర్యాద.

పడ్డ రాయి ఎవరిది? భూమి ఎవరిదో వాళ్లది. ఇది ఇవాళ్టి మాట కాదు. 1890లో అయోవాలో ఒకరి పొలంలో ఉల్కరాయి పడితే, కౌలుదారు సరేనన్నాడని ఇంకొకాయన తవ్వుకుపోయి 105 డాలర్లకు అమ్మేశాడు. అయోవా సుప్రీంకోర్టు 1892లో ఆ రాయి భూమి యజమానిదే అని తీర్పు ఇచ్చింది. కాబట్టి వెతకడానికి ఒప్పుకున్నంత మాత్రాన తీసుకుపోవడానికి ఒప్పుకున్నట్టు కాదు. దొరికితే సగం సగమా, మొత్తం కొనుక్కుంటావా, ముందే మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నోటిమాట వద్దు. రాయి దొరకనప్పుడు అందరూ మంచివాళ్లే. ఒక చోట ఒకడు అడక్కుండా కంచె దూకి రాయి పట్టుకుపోతే, మర్నాటికల్లా ఆ రోడ్డు పొడుగునా గేట్లన్నీ మూసుకున్నాయి. అడిగి వెళ్లేవాళ్లం కూడా రోడ్డు మీదే నిలబడాల్సి వచ్చింది.

ప్రభుత్వ భూముల్లో ఇంకో లెక్క. నేషనల్ పార్కుల్లో గులకరాయి కూడా ముట్టుకోకు. బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో అయితే సొంతానికి ఏడాదికి 10 పౌండ్ల దాకా చేతితో ఏరుకోవచ్చు. అమ్ముకోడానికి మాత్రం పర్మిట్ కావాలి.

సరే, పొలంలోకి వెళ్లావు. ఏం వెతుకుతావు? నాకు కనిపించిన ముక్క ఎండిపోయి తెల్లబారిన గడ్డిలో, బొటనవేలి కొసంత, నల్లగా ఉంది. నిగనిగలాడే నలుపు కాదు, మెరుపు లేని నలుపు. ఒక మూల విరిగి, లోపల సిమెంటు రంగు కనబడుతోంది. దాని కింద గడ్డిపరక అప్పుడే నలిగినట్టు ఉంది. కొత్తగా పడిన రాయి అంటే ఇదే గుర్తు: పైన మిల్లీమీటరు కూడా లేని నల్లటి పొర, దాన్నే ఫ్యూజన్ క్రస్ట్ అంటారు. లోపల లేత బూడిదరంగు, అందులో సన్నటి లోహపు మెరుపులు, చిన్న చిన్న గుండ్రటి గింజలు. పైన బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటే ఇంకా మంచిది. నురగలాగా బొబ్బలు, చిల్లులు ఉన్నది మాత్రం పారెయ్, అది ఫ్యాక్టరీ చిట్టెం, లోహం కరిగించగా మిగిలిన చెత్త. రైలు పట్టాల పక్కన దండిగా ఉంటుంది. తారు పెళ్లలూ మోసం చేస్తాయి. పశువుల బీడులో అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఎండిన పేడకడి. వంగి వంగి నడుం పడిపోయేదాకా నీకూ తెలుస్తుంది.

పడ్డ రాయి నిప్పులా కాలుతుందని, గడ్డి తగలబడుతుందని సినిమాలు చూసి అనుకోకు. నేలకు చేరేసరికి అది చల్లబడిపోతుంది. "వేడిగా ఉంది, పొగ వస్తోంది" అని ఎవరైనా రాయి చూపిస్తే నాకు వెంటనే అనుమానం.

అయస్కాంతం గురించి గట్టిగా చెప్తున్నాను. నువ్వు ఆన్‌లైన్లో చూసిన ఆ నియోడిమియం అయస్కాంతాల కర్ర కొనకు. రాయి పుట్టినప్పటి అయస్కాంత గుర్తు కోట్ల ఏళ్లుగా లోపల దాగి ఉంటుంది, గట్టి అయస్కాంతం తగిలితే ఒక్క క్షణంలో చెరిగిపోతుంది. ఆ గుర్తు చదివే శాస్త్రవేత్తలకు ఆ రాయి ఇక పనికిరాదు. జేబులో చిన్న దిక్సూచి పెట్టుకో, రాయిని దగ్గరికి తెస్తే ముల్లు కదులుతుందేమో చూడు, చాలు. అదీ ఆఖరి మాట కాదు. 2022లో గుజరాత్ దియోదర్‌లో పడ్డది ఆబ్రైట్ అనే అరుదైన రకం. అలాంటి రాళ్లలో లోహం చాలా తక్కువ. అయస్కాంతాన్నే నమ్ముకున్నవాడు దాన్ని కాలితో తన్ని వెళ్లిపోతాడు.

కనబడగానే చెయ్యి పెట్టకు! ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే. ముందు ఉన్నది ఉన్నట్టు ఫోటో తియ్, పక్కన ఒక నాణెం పెట్టి ఇంకోటి తియ్. జీపీఎస్ అంకెలు, తేదీ, టైం, ఎవరి పొలమో అక్కడే రాసుకో. తర్వాత శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌తో పట్టుకుని అందులోనే చుట్టి సంచిలో వెయ్. చేతి చెమట, నూనె దానికి పడవు. కడగొద్దు, నాలుకతో చూడొద్దు, ఇంటికి తెచ్చాక మీ అమ్మ పసుపు కుంకుమ పెట్టకుండా చూసుకో. చూడటానికి రాయే గానీ లోపల ఇనుము ఉంది, తేమ తగిలితే తుప్పు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టాలి.

వాన అన్నిటికంటే పెద్ద శత్రువు. 2012 ఏప్రిల్ 22న కాలిఫోర్నియాలో, 1848లో బంగారం దొరికిన సట్టర్స్ మిల్ చుట్టుపక్కల ఉల్క పడింది. కార్బన్ ఎక్కువుండే మెత్తటి రకం, నీళ్లు తగిలితే మారిపోతుంది. రాడార్ పుణ్యమా అని రెండు రోజుల్లోనే మొదటి ముక్కలు దొరికాయి, ఆ వెంటనే వాన దంచేసింది. వానకు ముందు దొరికినవాటికి శాస్త్రవేత్తల దగ్గర ఉన్న విలువ తర్వాత దొరికినవాటికి లేదు. ఉద్యోగానికి సెలవు పెట్టాల్సి వస్తే అలాంటప్పుడు పెట్టు.

ఇక నీకు అసలు కావాల్సిన సంగతి, డబ్బు. డీలర్లు మనకంటే ముందే వచ్చి మోటెల్లో దిగుతారు, జేబులో నోట్లతో. వాళ్లను తిట్టేవాళ్లు ఉన్నారు గానీ నేను తిట్టను. వాళ్లు రాకపోతే ఎన్నో రాళ్లు పొలంలోనే తుప్పు పట్టిపోయేవి. ధర గ్రాముల్లో చెబుతారు. మొదటి రోజుల్లో చుక్కల్లో ఉంటుంది, రాళ్లు బయటపడే కొద్దీ దిగిపోతుంది. ఎక్కువగా పడేది మామూలు కాండ్రైట్, అంటే ఇందాక చెప్పిన గుండ్రటి గింజల రాయి, దానితో ఎవరూ కోటీశ్వరులు అయిపోరు. ధర పెంచేవి వేరే ఉన్నాయి: పైపొర చెక్కుచెదరకుండా ఉండటం, రకం అరుదైనది కావడం, దాని వెనక కథ ఉండటం. ఇంటి కప్పునో కారునో గుద్దిన రాళ్లను ఈ వ్యాపారంలో హ్యామర్ అంటారు, వాటికి గిరాకీ ఎక్కువ. 1992 అక్టోబర్ 9న న్యూయార్క్ రాష్ట్రం పీక్‌స్కిల్‌లో 12 కిలోల పైచిలుకు రాయి పార్క్ చేసిన 1980 షెవర్లే మాలిబూ డిక్కీని చితక్కొట్టింది. అది శుక్రవారం రాత్రి, హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలు తీస్తున్న కెమెరాల్లో వెలుగు కూడా పడింది. ఆ సొట్టబోయిన కారే తర్వాత దేశదేశాల్లో ప్రదర్శనకు తిరిగింది.

నువ్వు మాత్రం మొదటి రోజే మొత్తం అమ్మేయకు. రాయికి అధికారికంగా పేరు, రకం రావాలంటే ఎవరో ఒకరు యూనివర్సిటీకి నమూనా ఇవ్వాలి: 20 గ్రాములు, లేదా మొత్తం బరువులో 20 శాతం, ఏది తక్కువైతే అది. దాన్ని పరీక్షించి ఆ వివరాలు మీటియొరిటికల్ సొసైటీకి, అంటే ఉల్కరాళ్ల శాస్త్రవేత్తల సంఘానికి, పంపిస్తే, వాళ్ల కమిటీ ఊరి పేరో ఏటి పేరో పెట్టి నమోదు చేస్తుంది. పేరు లేని రాయి కొనేవాడు బేరమాడతాడు, పేరున్న రాయికి నువ్వు బేరమాడొచ్చు. ఆ నమూనా దానంగా ఇవ్వడానికి చేతులు రాని వాళ్లు ఉంటారు, నువ్వు అలా కాకు. అమ్మినా కొన్నా రాయి వెంట చీటీ ఉండాలి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికింది, ఎంత బరువు. చీటీ పోయిందంటే అది వట్టి నల్లరాయి. కొనేటప్పుడు ఐఎంసీఏ (ఉల్కరాళ్లు సేకరించేవాళ్ల అంతర్జాతీయ సంఘం) సభ్యుల దగ్గరే కొను. చెల్యాబిన్‌స్క్ తర్వాత నెట్ నిండా నకిలీ ముక్కలే అమ్మారు.

ఇంకొకటి. ఇండియా వెళ్లినప్పుడు ఈ సరదా అక్కడ పెట్టుకోకు. మన వైపూ పడ్డాయి, నెల్లూరు జిల్లా యాటూరులో 1852లో, ఉత్తరాంధ్ర నెడగొల్లలో 1870లో. అక్కడ దొరికిన ఉల్కరాళ్ల బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. ఎవరికైనా దొరికితే వాళ్లకు అప్పగించాలి, సూట్‌కేసులో వేసుకుని రావడం కుదరదు. కెనడా, ఆస్ట్రేలియాల్లో కూడా పర్మిట్ లేకుండా దేశం దాటించనివ్వరు.

టెక్సాస్ బీళ్లలో గట్టి బూట్లు వేసుకో, ఎర్రచీమలు, గిలకపాములు ఉంటాయి. నీళ్లు ఎక్కువ పట్టుకో. ఒంటరిగా వెళ్లకు, ఏ పొలంలో ఉన్నావో ఎవరికైనా లొకేషన్ పంపు.

ఈలోగా ఒక శనివారం ఇర్వింగ్‌లో మా ఇంటికి రా. నా దగ్గరున్న నాలుగైదు ముక్కలు, చిట్టెం పెళ్లలు, తారుముక్కలు అన్నీ కలిపి పెరట్లో గడ్డిలో జల్లి ఉంచుతాను. రాయిని ఫోటోలో గుర్తుపట్టడం వేరు, గడ్డిలో గుర్తుపట్టడం వేరు. ఒక పూట వెతికితే కన్ను పదునెక్కుతుంది. మధ్యాహ్నం పిన్ని గోంగూర పప్పు చేస్తానంది.

ఆశీస్సులతో,
మీ బాబాయి