పురిటికి ముందు నీకో ఉత్తరం

అమ్మలూ,

"ఆపరేషన్ అయితే అత్తగారింట్లో చులకన చేస్తారా పెద్దమ్మా?" అని నిన్న ఫోన్లో అడిగావు. లేబర్ రూమ్‌లో ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను, ఈ మాట ఎన్ని గొంతుల్లో విన్నానో. నొప్పులు పడి కన్నా, కోత పెట్టించుకుని కన్నా నువ్వు తల్లివే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. అందులో అవసరం లేనివి చాలానే ఉన్నాయని నేను నమ్ముతాను. మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గిపోతున్నా ఆలోచించకుండా ఒప్పుకో. ముహూర్తం కోసం మాత్రం వద్దు. "ఎందుకు చేస్తున్నారు? కాస్త ఆగితే ఏమవుతుంది?" అని డాక్టరమ్మని అడగడం తప్పు కాదు. మొదటి కాన్పు పన్నెండు గంటలు దాటినా కంగారు పడకు. ఓపికున్నంతసేపూ నడువు, పక్కన మీ అమ్మని ఉండనివ్వమని ముందే అడుగు.

ఇక ఎవరూ చెప్పని సంగతి. బిడ్డకు ఐదో నెలలో నిన్ను అత్తారింటికి పంపుతారు, భార్యాభర్తల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కుట్లు మానడానికి, మైల రక్తం ఆగడానికి ఆరు వారాల దాకా పడుతుంది. అప్పుడు డాక్టరుకు చూపించుకో. ఆరు వారాలు నిండాయి కదా అని ఆ రోజే కలవాలనేం లేదు, నీకు మనసైనప్పుడే. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి లోపల పొడిబారుతుంది, మంట పుడుతుంది, కోరిక కూడా తగ్గుతుంది. ఆపరేషన్ అయినవాళ్ళకీ అంతే. మీ ఆయన మీద ప్రేమ పోయిందని కంగారు పడకు, అతన్నీ అలా అనుకోనివ్వకు. మందుల షాపులో పొడిబారకుండా రాసుకునే జెల్లీ దొరుకుతుంది, సిగ్గుపడకుండా అతన్నే తెమ్మను. అయినా నొప్పి తగ్గకపోతే ఓర్చుకోవద్దు, డాక్టరుకు చెప్పు. నెలసరి ఇంకా రాలేదు కదా అని ధైర్యంగా ఉంటే మళ్ళీ గర్భం రావచ్చు. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్ టీ వేస్తారు, దాని గురించి ఇప్పుడే మాట్లాడుకోండి.

మనసు సంగతి నా అనుభవంతోనే చెప్తాను. మీ అన్నయ్య పుట్టిన నెలకి, పెందుర్తి ఇంట్లో స్నానాల గదిలోకి వెళ్ళి, బకెట్ నిండిపోయినా కుళాయి కట్టకుండా కూర్చుని ఏడ్చేదాన్ని, ఎవరికీ వినబడకూడదని. బయట పసివాడి గొంతు వినబడితే గుండె దడదడలాడేది. "గాలి సోకింది" అన్నారు, తాయెత్తు కట్టారు. నర్సునై ఉండి నేనూ నోరు విప్పలేదు. నాలుగు నెలలు అలాగే పోయాయి. వాడి బోసినవ్వు నాకు సరిగా గుర్తే లేదు. ఈనాటికీ ఆ బాధ పోలేదు.

కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే కళ్ళలో నీళ్ళు తిరగడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాతా ఏడుపు ఆగకపోయినా, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోయినా, వాడు పడుకున్నా నీకు నిద్ర పట్టకపోయినా అది జబ్బే, మందుంది. పాలిస్తూ వాడదగ్గ మందులూ ఉన్నాయి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ, నేను తీసుకెళ్తాను. ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడినా, నీకో బిడ్డకో హాని చేసుకోవాలనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

బాలింతకు నీళ్ళు పట్టకూడదని అమ్మమ్మ అంటే మాత్రం వినకు. పాలిచ్చేదానికి దాహం ఎక్కువ, తాగు.

ఆదివారం గాజువాక వస్తున్నాను. మీ ఆయన్ని ఇంట్లోనే ఉండమను. రెండో పేరాలో రాసినవన్నీ అతనికి నేనే చెప్తాను.

మీ పెద్దమ్మ