ఫోన్‌కి వైఫై బాగానే వస్తోంది, స్మార్ట్ ప్లగ్ మాత్రం కలవట్లేదంటే

అమలాపురంలో అమ్మావాళ్ళింట్లో కొత్త ఫైబర్ పెట్టించాక ఫోన్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, స్మార్ట్ ప్లగ్ (ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్లగ్) మాత్రం ఎన్నిసార్లు కలిపినా ఫెయిలవుతోంది, ప్లగ్గే పోయిందా అని అడిగారు కదండి. పోయుండదండి, తొందరపడి వెనక్కివ్వకండి. నేనూ ఇలాగే అనుకుని బాగున్న ప్లగ్గుని షాపులో ఇచ్చేసి ఇంకోటి తెచ్చా, అదీ కలవలేదు, అప్పుడు గానీ తేడా రౌటర్ దగ్గరుందని తట్టలేదు.

మీది డ్యూయల్ బ్యాండ్ రౌటర్ అయ్యుంటుంది, అంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నళ్ళు ఇస్తుంది. 5 స్పీడే గానీ రెండు గోడలు దాటితే నీరసపడిపోద్ది, 2.4 స్పీడు తక్కువైనా దూరం వెళ్తుంది. ప్లగ్గులు, బల్బులు, చవక కెమెరాలు చాలామటుకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. రెండిటికీ ఒకటే పేరుంటే ఫోన్ దగ్గర్లో ఉంది కాబట్టి 5 ఎక్కేస్తుంది, ప్లగ్గు యాపేమో ఫోన్ ఏ వైఫైలో ఉందో దాన్నే చూస్తుంది, 5 పట్టుకోలేని ప్లగ్గు చాలాసార్లు కలవదు.

మాది రాజోలు వైపు పల్లెటూరండి, నేను హైదరాబాదులో ఉంటా, అమ్మ ఒక్కతే ఇంట్లో. చీకటి పడ్డాక వీధరుగు లైటు కోసం తను తడుముకుంటూ వెళ్ళకూడదని నా బాధంతా. సంక్రాంతికెళ్ళినప్పుడు రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రసు, మాది 192.168.1.1, బ్రౌజర్లో కొట్టి లోపలికెళ్ళి స్మార్ట్ కనెక్ట్ అని ఉన్నది ఆపేశా (రెండు సిగ్నళ్ళనీ ఒకే పేరు మీద కలిపేది అదే, కొన్నిట్లో బ్యాండ్ స్టీరింగ్ అని ఉంటుంది), రెండిటికీ వేరేవేరే పేర్లు పెట్టా, 2.4కి సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చా, పాత చిప్పులకి 3 తెలీదు. ఫోన్‌ని 2.4 పేరుకి కలిపి, మొబైల్ డేటా ఆపి, లొకేషన్ ఆన్ చేసి, ప్లగ్ బటన్ 5 సెకన్లు నొక్కిపట్టుకుంటే నీలం లైటు గబగబా కొట్టుకుంది, అమ్మ పక్కనే నిలబడి దాన్నే చూస్తోంది, కాసేపటికి "ఆగిందిరా, ఇక కొట్టుకోట్లేదు" అంది. అంతే, కలిసిపోయింది. తర్వాత ఫోన్ 5లో ఉన్నా పర్లేదండి, రెండూ ఒకే రౌటర్ కదా, యాప్ పనిచేస్తుంది.

రౌటర్ సెట్టింగుల్లోకెళ్ళే పాస్‌వర్డ్ ఫైబర్ వాళ్ళు మీకు ఇవ్వలేదంటే, గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫై) 2.4లో పెట్టి ఇమ్మని వాళ్ళని అడగండి. అదీ కుదరకపోతే ఫోనూ ప్లగ్గూ రెండూ పట్టుకుని పెరటి వసారాలోకి, 5 సిగ్నల్ అందనంత దూరం వెళ్ళండి, ఫోన్ తనంతట తనే 2.4కి దిగుద్ది, అక్కడ సెటప్ చేసి తెచ్చి మామూలు చోట పెట్టుకోవచ్చు.

ఇంకోటి, ఇది చాలామంది చెప్పరు. మొన్న వానాకాలం పిడుగు పడి మా రౌటర్ పోయింది. కొత్తదానికి పాత పేరూ పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టించా, కరెంటు రాగానే అరుగు లైటు, కెమెరా, మిగతావి అన్నీ వాటంతటవే కలిశాయి, నేను ఊరెళ్ళాల్సిన పనే పడలేదు. కాబట్టి ఇప్పుడు పెట్టే పేరూ పాస్‌వర్డూ ఒక కాగితం మీద రాసి అమ్మగారి దగ్గర ఉంచండి.

కొబ్బరి తోట మోటారుకి మాత్రం ఆ ప్లగ్ నేరుగా పెట్టకండి దయచేసి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే చాలా రెట్లు కరెంటు లాగుతుంది, 10 ఆంపియర్ల ప్లగ్ లోపల రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్చు) కాలిపోద్ది. గీజరుకైనా 16 ఆంపియర్లదే కొనండి. మోటారుకి స్టార్టర్లోని కాంటాక్టర్ని (మోటారు కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్చు) ప్లగ్గుతో నడిపించేలా తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత వేయించుకోండి.

ఇంకా కలవకపోతే లైటు గబగబా కొట్టుకుంటోందా, నెమ్మదిగానా చెప్పండి, నెమ్మదిగా అయితే చాలా ప్లగ్గుల్లో ప్లగ్గే సొంతంగా ఒక వైఫై ఇస్తోందన్నమాట, ఫోన్‌ని ముందు దానికి కలపాలి.