మిద్దె తోట టమాటాకు 19-19-19 ఒక్కటే చాలా?

బెంగళూరులో కుండీల్లో టమాటా, మిర్చి వేసిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. చాలదు. మొక్క ఎదిగే దశలో మాత్రం అది మంచి ఎరువే. ప్యాకెట్ మీది అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. లీటరు నీళ్లకు ఒక గ్రాము కలిపి, పది రోజులకోసారి, తడి మట్టిలోనే పోయండి. ఎండిన మట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి.

పూత మొదలయ్యాక కూడా అదే పోస్తుంటే ఆకు గుబురుగా, ముదురాకుపచ్చగా వస్తుంది కానీ కాపు తగ్గుతుంది. అప్పుడు పొటాష్ ఎక్కువున్న 13-0-45కి మారండి.

అసలు టెన్షన్ పెట్టేది కాయ అడుగున నల్లమచ్చ. తెగులనుకుని మందు కొట్టేస్తుంటారు, పాపం. కాయకు కాల్షియం అందకపోతే వచ్చే మచ్చ అది. చాలాసార్లు కారణం ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడమే. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువున్న కుండీల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. నీళ్లు సమంగా పెట్టండి, కాల్షియం నైట్రేట్ విడిగా ఇవ్వండి. 19-19-19తో ఒకే డబ్బాలో చిక్కగా కలిపితే భాస్వరంతో చేరి అడుగున తెల్లగా పేరుకుంటుంది, మొక్కకు అందదు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రం వాన పట్టేలా ఉంటే ఆ రోజు ఎరువు వేయకండి. నత్రజని కుండీ రంధ్రాల్లోంచి కారిపోతుంది.