ఓఎల్‌ఈడీ కోసం మరో 53 వేలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇద్దరం ఉద్యోగులం. నెలకు 48 వేల ఖర్చులు పోను 15 వేలు మిగులుతాయి. పొదుపు 1.60 లక్షలు ఉంది. హాలుకు 55 అంగుళాల టీవీ కొందామనుకుంటే, షోరూములో మినీ ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ ఉన్న క్యూఎల్‌ఈడీకి 62 వేలు, ఓఎల్‌ఈడీకి 1.15 లక్షలు చెప్పారు. రెండోది 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామంటున్నారు. బొమ్మ అద్భుతంగా ఉంది. మా నాన్నగారు పగలంతా వార్తా ఛానళ్లు చూస్తారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: షోరూములో మీ కన్ను మిమ్మల్ని మోసం చేయలేదు. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి పిక్సెల్, అంటే బొమ్మను ఏర్పరచే ప్రతి చిన్న చుక్కా, తన వెలుగు తానే ఇస్తుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. అందుకే చీకటి సన్నివేశాల్లో నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, పక్కన కూర్చుని చూసినా రంగులు పెద్దగా మారవు. క్యూఎల్‌ఈడీ పేరు దానికి దగ్గరగా ఉన్నా అది ఎల్‌సీడీయే. దాని తెర వెనుక దీపాలుంటాయి. మినీ ఎల్‌ఈడీ రకంలో ఆ దీపాలు చాలా చిన్నవి కావడం వల్ల, ఏ భాగంలో వెలుగు తగ్గించాలో ఆ భాగంలో విడిగా తగ్గించగలుగుతారు. అయినా నల్లని తెరపై తెల్లని సబ్‌టైటిళ్లు పడినప్పుడు వాటి చుట్టూ పలుచని కాంతి వలయం కనిపించవచ్చు.

అయితే మీరు చూసింది షోరూము కోసం తయారుచేసిన 4కె (హెచ్‌డీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పిక్సెళ్లున్న) వీడియోను, అది కూడా రంగులు బాగా పెంచే వివిడ్ మోడ్‌లో. మీ ఇంట్లో సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చేది మహా అయితే హెచ్‌డీ, కొన్ని ఛానళ్లయితే అదీ కాదు. ఆ బొమ్మను 4కె తెరకు సరిపడేలా పెంచే పని టీవీలోని ప్రాసెసర్‌ది. ఆ పనితనంలో తేడా ప్యానెల్ రకాన్ని బట్టి కాక, మోడల్‌ను బట్టి వస్తుంది. కాబట్టి మళ్లీ వెళ్లి, రెండింటినీ స్టాండర్డ్ మోడ్‌లో పెట్టించి, మీ నాన్నగారు చూసే వార్తా ఛానల్‌నే వేసి చూపించమనండి. సేల్స్‌మన్‌కు కాస్త విసుగు రావచ్చు, పర్వాలేదు.

నా నిర్ణయాన్ని ఎక్కువగా ప్రభావితం చేసింది ఆ వార్తా ఛానళ్ల సంగతే. ఛానల్ లోగో, కింద పరుగెత్తే స్క్రోలింగ్ పట్టీ ఏళ్ల తరబడి ఒకే చోట వెలుగుతూ ఉంటే, ఓఎల్‌ఈడీలో ఆ భాగం మిగతా తెరకన్నా త్వరగా అరిగి శాశ్వతమైన మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. దీనినే బర్న్-ఇన్ అంటారు. కొత్త మోడళ్లలో దీన్ని తగ్గించే ఏర్పాట్లు ఉన్నా, ప్రమాదం పూర్తిగా పోలేదు. వారంటీలో ఇది కవర్ అవుతుందో లేదో కాగితం మీద చూసుకోవాలి. పైగా పగటి వెలుతురు నిండిన హాలులో మంచి మినీ ఎల్‌ఈడీ ఇచ్చే ప్రకాశమే ఎక్కువ ఉపయోగం. సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చగల 120 హెర్ట్జ్ తెర గేమింగ్ కన్సోల్ ఉన్నవారికి పనికొస్తుంది. వార్తలకు దాని అవసరం లేదు. కరెంటు బిల్లులో తేడా స్వల్పమే: రెండింటి మధ్య 40 వాట్ల వ్యత్యాసం ఉన్నా, రోజుకు ఆరు గంటలకు నెలకు సుమారు ఏడు యూనిట్లే.

ఇక ఈఎంఐ. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. క్రెడిట్ కార్డుపై ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, 1.15 లక్షల్లో వడ్డీ భాగం సుమారు 8,800 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 1,590 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. నెలకు 9,583 రూపాయల వాయిదా పోతే మీ మిగులు 15 వేల నుంచి 5,400కు పడిపోతుంది.

62 వేల టీవీని రొక్కానికి, బేరమాడి తీసుకోండి. చేతిలో మిగిలే 98 వేలు రెండు నెలల ఖర్చులకు సరిపోతాయి. నెలనెలా 15 వేలు కలుపుతూ పోతే ఏడో నెలకల్లా అది నాలుగు నెలల ఖర్చులను దాటి మీకు అత్యవసర నిధి అవుతుంది. మీ టీవీ పడకగదిలో ఉండి, రాత్రి దీపాలార్పి ఓటీటీలో 4కె సినిమాలు చూసేవారైతే, ఆ నిధి పూర్తయ్యాక ఓఎల్‌ఈడీ కొనమనే చెప్పేవాడిని.