బండి సందేహాలు: కొత్త బెల్టు వేసినా కీచు ఆగడం లేదు

ప్రశ్న: మాది 2008 నాటి డీజిల్ వ్యాన్. క్వారీ పనివాళ్లను తిప్పుతాం. పొద్దున సెల్ఫ్ కొట్టగానే కీచుమంటుంది, ఏసీ వేస్తే ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల్లో రెండు ఇంజను బెల్టులు మార్చాం. ఇప్పుడు టెన్షనర్ (స్ప్రింగుతో బెల్టును బిగువుగా పట్టి ఉంచే ఆర్మ్, దాని పుల్లీ) పోయిందంటున్నారు. మార్చక తప్పదా? ఇంటి దగ్గర మేమే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఆరు నెలల్లో రెండు బెల్టులు పోయాయంటే తప్పు బెల్టుది కాదు. అలాగని పరీక్షించకుండా టెన్షనర్ కొనకండి.

మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఇంజను నడుస్తుండగా బెల్టు గాడుల వైపు కాసిని నీళ్లు స్ప్రే చేయండి. కీచు పెరిగితే బెల్టు జారుతోంది, బిగువు చాలడం లేదు. ఒక్క క్షణం ఆగి మళ్లీ కిచకిచ మొదలైతే ఏదో పుల్లీ వరస తప్పింది. తర్వాత టెన్షనర్ ఆర్మ్ చూడండి. కొద్దిగా వణకడం సహజం. కుక్కతోకలా ఊగుతోందంటే లోపలి బుష్ అరిగినట్టే. ఆర్మ్ మొదట్లో ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. మీ ఊళ్లో గ్రానైట్ దుమ్ము ఆ సందులో చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది. పుల్లీ బేరింగ్ సీలునూ అదే తినేస్తుంది.

మార్చడం కష్టం కాదు, తొందరపడితేనే కష్టం. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోన్లో ఫోటో తీసుకోండి. ఈ ఒక్కటీ మరిచి సాయంత్రం దాకా తంటాలు పడేవాళ్లే ఎక్కువ. పొడుగు స్పానర్‌తో ఆర్మ్‌ను స్ప్రింగుకు ఎదురు తిప్పి, లాక్ రంధ్రం ఉంటే అందులో అలెన్ కీ దూర్చి, బెల్టు తీయండి. ఆర్మ్‌ను టప్పున వదిలితే వేళ్లు నలుగుతాయి.

బెల్టు బయట ఉండగానే ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. అసలు పని ఇదే. ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే ఉత్త పుల్లీ) గరగరలాడితే అదీ మార్చాలి. వాటర్ పంపు పుల్లీని అటూ ఇటూ ఊపి చూడండి, వదులు ఆట ఉండకూడదు. కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) పుల్లీ ఒక వైపే పట్టి, రెండో వైపు వదులుగా తిరగాలి. అది రెండు వైపులా పట్టేస్తే ఆ కుదుపంతా ఆర్మ్ మీదే పడి, కొత్త టెన్షనర్ కూడా త్వరగానే పోతుంది.

కొత్తది బిగించేటప్పుడు వెనక ఉన్న చిన్న పిన్ను ఇంజను మీది రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కూర్చోకుండా బోల్టు బిగిస్తే పుల్లీ వంకరగా నిలబడి బెల్టు అంచు చీలుతుంది. బిగింపు మాన్యువల్ ప్రకారం. అది దొరక్కపోతే మామూలు 8.8 గ్రేడ్ ఎం8 (8 మిల్లీమీటర్ల లావు) బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం10కి 45 దాకా. బెల్టు మీద 6పీకే1880 అని ఉంటే ఆరు గాడులు, 1880 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. వదులు పోతుందని పొట్టి బెల్టు వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఒప్పుకోకండి, పంపు బేరింగ్ పోతుంది.

ఒక్క మాట. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. దార్లో బెల్టు తెగితే ఆ పంపు ఆగి బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. మనుషులను ఎక్కించే బండి, వాయిదా వేయొద్దు.

ప్రశ్న: బెల్టుకు సబ్బు రుద్దితే చప్పుడు ఆగిపోతోంది. సరిపోదా?
– కావలి

జవాబు: ఆగేది చప్పుడే, జారడం కాదు. సబ్బుకు దుమ్ము అంటుకుని గాడులు నిండిపోతాయి. డబ్బాల్లో అమ్మే బెల్టు స్ప్రే సంగతీ అంతే.

ప్రశ్న: చేపల వ్యాన్ మాది, సముద్రం ఒడ్డునే ఉంటుంది. టెన్షనర్ బోల్టు కదలడం లేదు. గట్టిగా తిప్పితే తెగుతుందేమో?
– కొత్తపట్నం

జవాబు: తెగుతుంది. అల్యూమినియం బ్రాకెట్, ఇనుప బోల్టు, పైన ఉప్పుగాలి. మూడూ కలిస్తే మర పట్టేస్తుంది. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజు రాత్రే కొట్టి వదిలేయండి. తెల్లారి బోల్టు తల మీద సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేసి, ముందు రవ్వంత బిగించి, తర్వాత వదులు చేయండి. కదిలాక ఒకేసారి లాగెయ్యకుండా అర చుట్టు విప్పి, పావు చుట్టు బిగిస్తూ రండి. తెగితే మాత్రం మీరు డ్రిల్ పెట్టకండి, లేత్ పనివాడికి అప్పగించండి. డ్రిల్ మధ్యలోంచి పక్కకు జారితే బ్రాకెట్టే మార్చాలి. కొత్త బోల్టు మరకు రాగి గ్రీజు పల్చగా పూయండి. గ్రీజు పూసిన మర తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి బిగింపు కాస్త తగ్గించుకోండి.