బ్లాగులు జర్నలిజాన్ని ఏం మార్చాయి?

బ్లాగర్లు విలేకరుల పని లాక్కున్నారా, మామూలు జనానికి నిజంగా గొంతు వచ్చిందా అని చాలామంది అడుగుతుంటారు. అమెరికాలో జాష్ మార్షల్ నడిపిన టాకింగ్ పాయింట్స్ మెమో అనే రాజకీయ బ్లాగు దీనికి మంచి ఉదాహరణ.

2002 డిసెంబరులో ఒక పుట్టినరోజు వేడుకలో సెనేటర్ ట్రెంట్ లాట్ మాట్లాడుతూ, 1948లో నల్లవారిని, తెల్లవారిని వేరుగా ఉంచే జాతి విభజనను సమర్థిస్తూ అధ్యక్ష పదవికి పోటీ చేసిన స్ట్రామ్ థర్మండ్ గెలిచి ఉంటే బాగుండేదన్నట్టు అన్నారు. పెద్ద పత్రికలు చాలావరకు వదిలేశాయి. మార్షల్ లాంటి బ్లాగర్లు మాత్రం లాట్ పాత మాటలన్నీ తవ్వి తీశారు. సుమారు రెండు వారాల్లో లాట్ సెనేట్‌లో పార్టీ నాయకత్వం వదులుకున్నారు.

నాకు ఇంతకంటే గొప్పగా అనిపించేది 2007 నాటి సంగతి. ఫెడరల్ ప్రాసిక్యూటర్ల (కేంద్ర ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయర్ల) తొలగింపు వివాదంలో న్యాయశాఖ వేల పేజీల కాగితాలు బయటపెట్టింది. మార్షల్ బృందం వాటిని చదివే పనిని పాఠకులకే పంచింది. ఎవరికి వీలైనన్ని పేజీలు వాళ్లు చదివి, అనుమానం వచ్చిన చోట్లు రాసి పంపారు. ఓటేసి ఊరుకోకుండా, ప్రభుత్వ కాగితం చదివి ప్రశ్నించడం కూడా పౌరుల పనే అయింది. ఈ వివాదంపై రాసిన కథనాలకు మార్షల్‌కు జర్నలిజంలో ఇచ్చే పోల్క్ అవార్డు వచ్చింది.

అలాగని విలేకరి అవసరం తీరిపోలేదు. లాట్ మాటను మొదట పట్టుకున్నది ఒక టీవీ చానెల్ విలేకరే.